కౌమార పాఠకులు – గ్రంథాలయ కార్యక్రమాల రూపకల్పన: అమెరికా అనుభవ చరిత్ర

వ్యాససంగ్రహం:

బాలల విభాగాన్ని దాటి, వయోజనుల విభాగంలో ఇంకా కుదురుకోని పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పాఠకుల కోసం ప్రత్యేక కార్యక్రమాలను రూపొందించే పని అమెరికా పౌర గ్రంథాలయాలలో 20వ శతాబ్ది ప్రథమార్ధంలో ఒక వృత్తిశాఖగా స్థిరపడింది. న్యూయార్క్, క్లీవ్‌లాండ్, బాల్టిమోర్ గ్రంథాలయాలలో సాగిన ఆ కృషిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యువ పాఠకులను ఆకట్టుకొనే కార్యక్రమానికి వినోదం ఒక్కటే ఆధారం కాదని, గ్రంథపాలకుల పఠనం, యువకుల అభిప్రాయానికి దక్కే స్థానం, గ్రంథాలయ ద్వారం అందరికీ తెరిచి ఉండటం అనే మూడు పునాదుల మీదనే అది నిలుస్తుందని ఈ చరిత్ర నిరూపిస్తుంది. తెలుగు ప్రాంతాల గ్రంథాలయాలకు ఈ అనుభవం చూపే దారిని చివరలో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: పౌర గ్రంథాలయం, కౌమారదశ, పుస్తక పరిచయ ప్రసంగం, మార్గరెట్ ఎడ్వర్డ్స్, మార్గరెట్ స్కాగిన్, జాతి వివక్ష, గ్రంథాలయోద్యమం.

1. ఉపోద్ఘాతం:

పౌర గ్రంథాలయం అందరిదీ అన్నది ఆధునిక గ్రంథాలయ వ్యవస్థకు మూలసూత్రం. అయితే ఆ ‘అందరి’లో ఎవరెవరు ఉన్నారన్న ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం వచ్చింది. 19వ శతాబ్దిలో అమెరికాలోని అనేక గ్రంథాలయాలు నిర్ణీత వయస్సు నిండనివారిని లోపలికి రానిచ్చేవి కావు. 1876లో అమెరికా ప్రభుత్వ విద్యా విభాగం వెలువరించిన గ్రంథాలయాల నివేదికలో విలియం ఫ్లెచర్ ఈ వయోనియమాలను విమర్శించారు. ఆ శతాబ్ది ముగిసే నాటికి పెద్ద నగరాల గ్రంథాలయాలలో బాలల గదులు వెలిశాయి. చిన్న కుర్చీలు, బొమ్మల పుస్తకాలు, కథలు చెప్పే వేళలు ఆ గదుల ప్రత్యేకతలు. 1906లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బాలల సేవా విభాగానికి అధిపతిగా వచ్చిన యాన్ కారల్ మూర్ ఈ రంగానికి గట్టి పునాది వేశారు.

బాలల గదుల విజయం నుంచే కొత్త సమస్య పుట్టింది. పద్నాలుగేళ్లు వచ్చిన బాలుడికి చిన్న కుర్చీ చాలదు, బొమ్మల పుస్తకం రుచించదు. వయోజనుల విభాగంలో అడుగుపెడితే వేల పుస్తకాల నడుమ అతనికి దారి చూపేవారు ఉండరు. ఫలితంగా చిన్నతనంలో గ్రంథాలయానికి అలవాటుపడిన పాఠకులు సరిగ్గా చదువు రుచి స్థిరపడే వయస్సులో జారిపోయేవారు.

ఇదే కాలంలో కౌమారదశ ఒక ప్రత్యేక దశగా గుర్తింపు పొందింది. మనస్తత్వవేత్త జి. స్టాన్లీ హాల్ కౌమారం మీద రెండు సంపుటాల బృహద్గ్రంథాన్ని 1904లో ప్రకటించారు. హైస్కూలు చదువు కొద్దిమంది సొత్తుగా ఉన్న స్థితి క్రమంగా మారింది. 1930ల ఆర్థిక మాంద్యంలో పనులు దొరకని పిల్లలు బడిలోనే ఎక్కువ కాలం కొనసాగారు. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం పదహారేళ్లలోపువారిని పనిలో పెట్టడంపై ఆంక్షలు విధించింది. బడికీ ఉద్యోగానికీ మధ్య ఒక పెద్ద యువజన సమూహం ఏర్పడింది. ఆ సమూహానికి గ్రంథాలయం ఏమివ్వగలదన్నదే అప్పటి గ్రంథపాలకుల ముందున్న ప్రశ్న.

2. న్యూయార్క్ – పాఠం పోయి ప్రసంగం వచ్చిన తీరు:

యాన్ కారల్ మూర్ ప్రోత్సాహంతో న్యూయార్క్ గ్రంథాలయంలో చేరిన మేబెల్ విలియమ్స్ 1919లో పాఠశాలలతో అనుసంధాన బాధ్యతను చేపట్టారు. అంతకుముందు విద్యార్థులు తరగతులవారీగా గ్రంథాలయానికి వస్తే కార్డుల పెట్టె ఎలా వాడాలి, వర్గీకరణ సంఖ్యను ఎలా గుర్తించాలి అన్న పాఠాలే చెప్పేవారు. విద్యార్థికి అది బడిలో మరొక గంట వంటిదే. విలియమ్స్ ఆ పద్ధతిని మార్చి, వచ్చిన విద్యార్థులకు పుస్తకాలను గురించి చెప్పడాన్ని ప్రధానం చేశారు. గ్రంథపాలకురాలు తాను చదివి ఇష్టపడిన నాలుగైదు పుస్తకాలను ఎంచుకొని, కథను పూర్తిగా విప్పకుండా, ఆసక్తి మొలకెత్తే చోట ఆపేస్తారు. మిగిలినది తెలుసుకోవాలంటే పుస్తకం తీసుకోవలసిందే. నేడు ‘బుక్ టాక్’ పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఈ పుస్తక పరిచయ ప్రసంగం కౌమార పాఠకుల కార్యక్రమాలలో అత్యంత దీర్ఘాయువు గలది.

విలియమ్స్ సహచరి అమీలియా మన్సన్ పని మరింత గమనింపదగినది. పగలు ఉద్యోగం చేస్తూ వారంలో కొన్ని గంటలు మాత్రమే చదువుకొనే యువకుల కోసం నడిచిన పాఠశాలలలో ఆమె పనిచేశారు. ఈ శ్రోతలు పుస్తకాన్ని బడిశిక్షగా భావించేవారు. అటువంటివారి ముందు నిలబడి పుస్తకాన్ని పరిచయం చేయాలంటే ప్రసంగకర్తకు ఆ పుస్తకం మీద నిజమైన అభిమానం ఉండాలి. తన అనుభవసారాన్ని మన్సన్ 1950లో ‘యాన్ ఆంపుల్ ఫీల్డ్’ అనే గ్రంథంగా ప్రకటించారు.

1929 నుంచి న్యూయార్క్ గ్రంథాలయం యువ పాఠకుల కోసం వార్షిక పుస్తక సూచిని వెలువరించింది. ఇది పాఠ్యప్రణాళికకు అనుబంధం కాదు. యువకులు తమంతట తాము చదవదగిన, చదవగోరే పుస్తకాల జాబితా అది. అందులో వయోజనుల కోసం రాసిన గ్రంథాలు కూడా చోటు చేసుకోవడం ఒక ముఖ్య నిర్ణయం. కౌమార పాఠకుణ్ణి పెద్ద పిల్లవాడిగా కాక, ఎదుగుతున్న వయోజనుడిగా చూసే దృష్టి ఇక్కడ కనిపిస్తుంది.

3. గది నుంచి శాఖ దాకా – యువకులకు అప్పగించిన పని:

క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీ 1925లో తన నూతన ప్రధాన భవనంలో రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ పేరిట యువజనుల గదిని తెరిచింది. దానిని నడిపిన జీన్ రూస్ నగరంలోని యువజన సంస్థలతో సంబంధాలు పెంచుకొన్నారు. ‘యువకులు గ్రంథాలయంలో లేని సమయంలో ఎక్కడ ఉంటున్నారు?’ అన్న ప్రశ్నకు సమాధానం వెదికితేనే వారి కోసం కార్యక్రమం తయారవుతుందన్న అవగాహన ఈ పనిలో ఉంది.

ఆ తరువాతి అడుగు న్యూయార్క్‌లోనే పడింది. 1941లో తూర్పు 32వ వీధిలో బాలలకూ యువజనులకూ మాత్రమే ప్రత్యేకించిన నేథన్ స్ట్రాస్ శాఖ ప్రారంభమైంది. దాని బాధ్యత మార్గరెట్ స్కాగిన్‌కు అప్పగించారు. చలనచిత్ర ప్రదర్శనలు, పుస్తక చర్చలు, ప్రదర్శనలు అక్కడ నిత్యకృత్యాలయ్యాయి. ఇటువంటి అంశాలు ఇతర గ్రంథాలయాలలోనూ ఉండవచ్చు. స్కాగిన్ ప్రత్యేకత ఆ కార్యక్రమాలలో యువకులకు ఇచ్చిన పాత్రలో ఉంది. పుస్తకాలను సమీక్షించే పనిని ఆమె యువకులకే అప్పగించారు. వారి సమీక్షలు శాఖ వెలువరించిన పత్రికలో అచ్చయ్యాయి. 1940లలో ఆమె నిర్వహించిన రేడియో కార్యక్రమంలో యువ పాఠకులు తాము చదివిన పుస్తకాలను శ్రోతల ముందు చర్చించారు.

ఈ మార్పులోని అంతరార్థాన్ని గుర్తించాలి. ఉపన్యాసం వినేవాడు శ్రోత. చలనచిత్రం చూసేవాడు ప్రేక్షకుడు. పుస్తకం బాగుందో లేదో తేల్చి, అందుకు కారణాలు చెప్పి, ఎదుటివారి ఆక్షేపణకు సమాధానమిచ్చేవాడు విమర్శకుడు. ప్రతి పనిలోనూ పెద్దల తీర్పుకు లోబడే వయస్సులో తానే తీర్పరి కావడం సామాన్యమైన ఆకర్షణ కాదు. యువకులు నచ్చలేదన్న పుస్తకం పెద్దల దృష్టిలో ఉత్తమ గ్రంథం కావచ్చు. ఆ మాటను వెలువడనివ్వగల నిబ్బరం గ్రంథపాలకులకు ఉండాలి. యువకుల అభిరుచిని ఇలా దగ్గరగా గమనించిన అనుభవంతోనే స్కాగిన్ 1945లో ‘చకిల్‌బెయిట్’ అనే హాస్యకథల సంకలనాన్ని కూర్చారు. 1948 నుంచి ‘హార్న్ బుక్’ పత్రికలో యువ పాఠకులకు తగిన వయోజన గ్రంథాలను పరిచయం చేశారు.

4. బాల్టిమోర్ – మూడువందల పుస్తకాల నియమం:

కౌమార సేవలకు శిక్షణ పద్ధతిని సమకూర్చిన ఘనత బాల్టిమోర్ నగరంలోని ఈనాక్ ప్రాట్ ఫ్రీ లైబ్రరీకి, అందులో 1932 నుంచి 1962 వరకు పనిచేసిన మార్గరెట్ ఎడ్వర్డ్స్‌కు దక్కుతుంది. టెక్సాస్‌లో జన్మించిన ఆమె అంతకు ముందు లాటిన్ ఉపాధ్యాయినిగా పనిచేశారు. 1933లో ప్రాట్ గ్రంథాలయం కొత్త ప్రధాన భవనంలోకి మారినప్పుడు యువజనుల పుస్తకాల విభాగం ఆమె చేతికి వచ్చింది.

యువ పాఠకుల సేవకు ఎంపికైన సహాయకులకు ఎడ్వర్డ్స్ పెట్టిన నియమం ప్రసిద్ధమైనది. నిర్ణీత సూచిలోని మూడువందల పుస్తకాలు వారు చదవాలి. పది పుస్తకాలు పూర్తికాగానే ఆమెతో కూర్చొని చర్చించాలి. ఆ పుస్తకం ఎటువంటి పాఠకుడికి నచ్చుతుంది, అతనికి దానిని ఏ మాటలతో అందించాలి, దాని తరువాత ఏ పుస్తకం ఇవ్వాలి అన్నవి ఆ చర్చలో తేలాలి. ఇది పరీక్ష వలె కనిపించినా నిజానికి అనుసంధాన విద్య. బల్ల వెనుక కూర్చొని అడిగినవారికి జవాబిచ్చే పద్ధతికి బదులు, అల్మారాల మధ్య తచ్చాడుతున్న యువకుడి వద్దకు తామే వెళ్లి పలకరించగల స్థైర్యాన్ని ఆ పఠనమే ఇస్తుందని ఆమె విశ్వసించారు.

యువకుల ప్రస్తుత అభిరుచిని ఎడ్వర్డ్స్ తక్కువగా చూడలేదు, అక్కడే ఆగిపోనూ లేదు. 1942లో వెలువడిన మారీన్ డేలీ నవల ‘సెవెంటీంత్ సమ్మర్’ వంటి ప్రేమకథలు, క్రీడాకథలు, సాహసగాథలు ఆమె దృష్టిలో వంతెనలు. వాటి మీదుగా పాఠకుణ్ణి యుద్ధం, పేదరికం, జాతి విద్వేషం వంటి ప్రపంచ సమస్యలను చిత్రించే వయోజన సాహిత్యం వైపు నడిపించడం ఆమె లక్ష్యం. శిక్షణ పొందిన సహాయకులు హైస్కూళ్లకు వెళ్లి తరగతి గదులలో పుస్తక పరిచయ ప్రసంగాలు చేసేవారు.

గ్రంథాలయానికి రానివారి సంగతి ఏమిటన్న ప్రశ్నకూ ఆమె ఒక జవాబు కనుగొన్నారు. బాల్టిమోర్‌లో గుర్రపు బండ్ల మీద పండ్లు, కూరగాయలు పెట్టుకొని వీధుల వెంట అమ్మడం పాత అలవాటు. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలపు వేసవులలో ఎడ్వర్డ్స్ అటువంటి గుర్రపు బండి మీద పుస్తకాలు పేర్చి పేదల వాడలకు తీసుకువెళ్లారు. బండికి అలవాటుపడిన వీధికి పుస్తకం కూడా బండి మీదనే వచ్చింది. కొత్త కార్యక్రమం విజయవంతం కావాలంటే అది స్థానికుల దైనందిన జీవితంలో ఇమిడిపోవాలన్న సూత్రానికి ఇది చక్కని నిదర్శనం.

తన అనుభవాలను ఎడ్వర్డ్స్ 1969లో ‘ది ఫెయిర్ గార్డెన్ అండ్ ది స్వార్మ్ ఆఫ్ బీస్ట్స్’ గ్రంథంలో వివరించారు. సుందరోద్యానం, అందులోకి చొరబడే మృగాల గుంపు అనే ఆ పేరులోనే యువకుల పట్ల గ్రంథాలయాలకు ఉండిన భయం మీద ఆమె విసిరిన వ్యంగ్యం ఉంది.

5. ద్వారం వద్ద నిలిచిన యువకులు:

పై కృషిని జాతి వివక్ష చరిత్ర నుంచి విడదీసి చూస్తే చిత్రం అసంపూర్ణమవుతుంది. ధనిక పేద తేడా, వర్ణభేదం లేకుండా అందరికీ ఉపయోగపడాలన్న సంకల్పంతో ఈనాక్ ప్రాట్ 1882లో తన గ్రంథాలయానికి నిధి సమకూర్చారు. పాఠకుల విషయంలో ఆ మాట నిలిచినా, గ్రంథపాలకుల శిక్షణ తరగతిలో నల్లజాతివారికి ప్రవేశం నిరాకరించేవారు. లూయీస్ కెర్ అనే యువతి ఈ నిరాకరణపై న్యాయస్థానానికి వెళ్లారు. క్రింది కోర్టు గ్రంథాలయానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 1945లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును తిరగరాసింది. ప్రజాధనంతో నడిచే సంస్థ జాతిని బట్టి ప్రవేశం నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. యువకులతో మాట్లాడేవారికి మూడువందల పుస్తకాల పఠనాన్ని నియమంగా పెట్టిన గ్రంథాలయమే, ఆ యువకులలో ఒక వర్గానికి చెందినవారిని శిక్షణకు అర్హులుగా ఎంచకపోవడం ఆ కాలపు వైరుధ్యం.

దక్షిణాది రాష్ట్రాలలో పరిస్థితి మరింత కఠినం. 1939 ఆగస్టు 21న వర్జీనియాలోని అలెగ్జాండ్రియా గ్రంథాలయంలోకి ఐదుగురు నల్లజాతి యువకులు వెళ్లి సభ్యత్వం అడిగారు. నిరాకరించగానే ఒక్కొక్కరు ఒక పుస్తకం తీసుకొని కూర్చొని మౌనంగా చదవసాగారు. వారి వయస్సు పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల లోపు. పోలీసులు వారిని నిర్బంధించారు. న్యాయవాది శామ్యూల్ టక్కర్ రూపొందించిన ఈ నిరసనకు సమాధానంగా నగరం 1940లో నల్లజాతివారికి వేరే గ్రంథాలయం కట్టించిందే తప్ప ఉన్న తలుపు తెరవలేదు. 1960 జూలైలో దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో ఎనిమిదిమంది విద్యార్థులు ఇదే పద్ధతిలో గ్రంథాలయంలో కూర్చొని అరెస్టయ్యారు. అప్పటికి కళాశాల విద్యార్థి అయిన జెస్సీ జాక్సన్ వారిలో ఒకరు. 1961 మార్చిలో మిసిసిపీలోని జాక్సన్ నగరంలో టూగలూ కళాశాలకు చెందిన తొమ్మిదిమంది విద్యార్థులు అదే బాట పట్టారు.

కౌమార, యువ పాఠకులకు గ్రంథాలయం మీద ఆసక్తి ఉండదన్న సాధారణ భావనకు ఈ సంఘటనలు బలమైన ఖండన. చదువుకొనే హక్కు కోసం వారు చెరసాలకు సిద్ధపడ్డారు. ఆకర్షణీయమైన కార్యక్రమం ఎలా రూపొందించాలన్న చర్చకు ముందు, రాదలచినవారిని ఆపుతున్నది ఏమిటన్న ప్రశ్న ఉండాలని ఈ చరిత్ర హెచ్చరిస్తుంది.

6. మ్యూనిక్ విస్తరణ, వృత్తిపరమైన గుర్తింపు:

యుద్ధానంతరం ఈ ఆలోచనలు సముద్రం దాటాయి. నాజీ పాలనలో దేశం విడిచిన జర్మన్ యూదు రచయిత్రి యెల్లా లెప్‌మన్ 1945లో తిరిగి వచ్చి, శిథిలమైన దేశపు బాలల మనస్సులను విద్వేషం నుంచి మళ్లించే సాధనం పుస్తకమేనని నమ్మారు. 1946లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలసాహిత్య ప్రదర్శన ఏర్పాటు చేశారు. 1949 సెప్టెంబరు 14న అక్కడే అంతర్జాతీయ యువజన గ్రంథాలయం ప్రారంభమైంది. దానిని రూపుదిద్దడంలో న్యూయార్క్ నుంచి వెళ్లిన మార్గరెట్ స్కాగిన్ సహకరించారు. చిత్రలేఖన శాల, భాషా తరగతులు, యువకుల పుస్తక చర్చలు ఆ గ్రంథాలయ జీవితంలో భాగమయ్యాయి. పన్నెండేళ్లపాటు ఒకే అభిప్రాయం వినవలసి వచ్చిన సమాజంలో, పుస్తకం మీద భిన్నాభిప్రాయం వెలిబుచ్చడమే ఒక పౌరశిక్షణ.

అమెరికా గ్రంథాలయ సంఘంలో 1957లో యువజన సేవలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1967లో ఆ సంఘం తన గ్రంథాలయ హక్కుల ప్రకటనను సవరించి, వయస్సు కారణంగా ఎవరి హక్కునూ నిరాకరించరాదన్న అంశాన్ని చేర్చింది. 1876లో ఫ్లెచర్ ఎత్తిచూపిన వయోవివక్షకు సూత్రప్రాయమైన సమాధానం దొరకడానికి తొమ్మిది దశాబ్దాలు పట్టింది. ఎడ్వర్డ్స్ పేరిట 1988 నుంచి యువజన సాహిత్య రచయితలకు పురస్కారం అందిస్తున్నారు.

7. తెలుగు గ్రంథాలయాలు – అన్వయం:

తెలుగువారికి ఈ చరిత్రలోని అనేక అంశాలు పరిచితమే. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభతో సంఘటిత రూపం దాల్చిన ఆంధ్ర గ్రంథాలయోద్యమం పఠనాన్ని మూకుమ్మడి కార్యక్రమంగా మలచింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు ఉద్యమంలో దిగేనాటికి యువకులే. చదువురానివారికి చదివి వినిపించడం, హరికథలు, భజనలు, గ్రంథాలయ యాత్రలు ఆ ఉద్యమం ఎంచుకొన్న మార్గాలు. బాల్టిమోర్ వీధులలో పుస్తకాల బండి తిరగడానికి ముందే, 1935లో పాతూరి నాగభూషణం కృషితో కృష్ణా డెల్టా కాలువలలో పడవ గ్రంథాలయం సాగింది. ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న రంగనాథన్ సూత్రాలు 1931లోనే అచ్చయ్యాయి. వయస్సును బట్టి పాఠకుణ్ణి గుర్తించే సేవకు సిద్ధాంత బలం ఇక్కడ ఎన్నడూ కొరవడలేదు.

నేటి స్థితిలో ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు, వేసవి సెలవుల శిబిరాలు బడిపిల్లలను గ్రంథాలయానికి తీసుకువస్తున్నాయి. వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు వాటిలో ప్రధానం. ఆ తరువాత గ్రంథాలయంలో పెద్ద సంఖ్యలో కనిపించే యువత ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు. ఈ రెండు దశల నడుమ, ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్మీడియెట్ వరకు ఉన్న విద్యార్థిని పాఠకుడిగా నిలుపుకొనే ఏర్పాటు బలహీనం. మేబెల్ విలియమ్స్ ఎదుర్కొన్న ఖాళీ ఇదే. పోటీలో ఒకరు గెలుస్తారు, మిగిలినవారు ఓడి ఇంటికి వెళతారు. పుస్తక సమీక్షలో ఓటమి లేదు. పోటీకి కేటాయించే ఒక పూటను పుస్తక పరిచయానికీ చర్చకూ మళ్లించడానికి అదనపు నిధులు అవసరం లేదు. అయితే ఆ పూట మాట్లాడేవారు ముందుగా పుస్తకాలు చదివి ఉండాలి. సిబ్బంది కొరత ఉన్న శాఖలలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చదివే గ్రంథపాలకులు లేనిచోట ఎంత ఘనమైన కార్యక్రమమైనా వేదిక అలంకరణతోనే ముగుస్తుంది. చదువుకొనే సమయాన్ని కూడా గ్రంథపాలకుల విధులలో భాగంగా గుర్తించడం అందువల్ల తొలిమెట్టు కావాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కౌమార పాఠకుల కార్యక్రమాలు బాలల విభాగపు విజయం సృష్టించిన ఖాళీని పూరించే ప్రయత్నంగా పుట్టాయి. ఆ ఖాళీని గుర్తించని గ్రంథాలయం తాను పెంచిన పాఠకుణ్ణి తానే కోల్పోతుంది.

2. పుస్తక పరిచయ ప్రసంగం తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం నిలిచిన కార్యక్రమం. దాని బలం గ్రంథపాలకుల స్వీయపఠనంలో ఉంది. ఎడ్వర్డ్స్ మూడువందల పుస్తకాల నియమానికి కారణం ఇదే.

3. యువకులను సమీక్షకులుగా, వక్తలుగా నిలిపిన స్కాగిన్ పద్ధతి వారిని కార్యక్రమ భాగస్వాములను చేసింది. వారి తీర్పుకు విలువ ఇవ్వడమే అందులోని ప్రధాన ఆకర్షణ.

4. గుర్రపు బండి, పడవ వంటి ప్రయోగాలు పాఠకుడి జీవన విధానంలో ఒదిగినందువల్ల సార్థకమయ్యాయి.

5. అలెగ్జాండ్రియా, గ్రీన్‌విల్ యువకుల నిరసనలు, లూయీస్ కెర్ వ్యాజ్యం ప్రవేశహక్కు లేని చోట సేవాప్రణాళికకు అర్థం లేదని చాటాయి. రుసుము, దూరం, వేళలు, ఆడపిల్లల భద్రత, సామాజిక వివక్ష వంటి అడ్డంకులను పరిశీలించడం కార్యక్రమ రూపకల్పనలో మొదటి పని కావాలి.

ఒక కార్యక్రమానికి ఎందరు వచ్చారన్న లెక్క నివేదికలకు సరిపోతుంది. వచ్చినవారిలో ఎందరు మరునాడు ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చి పుస్తకం అడిగారన్నదే ఈ చరిత్ర బోధించే కొలమానం.